తిప్పిన తాళం

చిన్నకోడలు అబద్ధమాడే మనిషి కాదు. కొంప మునిగింది కూడా అందువల్లే. ఏదో ఒకటి సర్దిచెప్పి చేతులు దులుపుకునే రకమైతే ఆ ఇంటి పెద్దాయన ఇవాళ్టికీ పనిలోనే ఉండేవాడు, ఎప్పటిలాగే అందరినీ ఉడికిస్తూ తిరిగేవాడు.

ఆ ఇంట్లో అన్నదమ్ములిద్దరు. కింద వాటాలో పెద్దవాళ్ళు, పై వాటాలో చిన్నవాళ్ళు. పెద్దాయన లిఫ్టుల మెకానిక్కు. తమ్ముడి భార్య, అంటే మన చిన్నకోడలు, అదే లిఫ్టుల కంపెనీ ఆఫీసులో ప్రోగ్రాములు రాస్తుంది. ఆమెను చూస్తే బావగారికి ఎంత గర్వమో అంత వేళాకోళం. మెట్ల దగ్గర ఎదురుపడితే చాలు, "మా మరదలు ఏసీలో కూర్చుని వేళ్ళాడిస్తే ఇక్కడ నా కాళ్ళ కింద లిఫ్టు ఆడుతుంది. కూరలో ఉప్పు మర్చిపోయినా తింటాం గానీ, అందులో మాత్రం ఏమీ మర్చిపోకు తల్లీ" అనేవాడు. ఆమె కూడా తక్కువ తిన్నదేమీ కాదు. "మీ తమ్ముడే తింటున్నారు కదండీ నోరు మూసుకుని, మీకెందుకు బాధ" అనేది. వాళ్ళిద్దరి మాటలూ వింటూ పెద్దకోడలు కింద నుంచి నవ్వేది. అదంతా ఒకప్పటి మాట.

ఇక్కడ లిఫ్టు సంగతి కాస్త చెప్పాలి. పాత లిఫ్టుల్లో సర్వీసు తాళమని ఒకటి ఉండేది. మెకానిక్కు దాన్ని తిప్పితే మోటారుకు కరెంటే పోయేది. ఇక దాని అబ్బ వచ్చినా కదలదు. కొత్త మోడల్లో ఆ తీగ తీసేశారు. తాళం తిప్పితే ప్రోగ్రాముకు ఒక కబురు వెళుతుంది. కదలాలా వద్దా అన్నది ప్రోగ్రామే తేలుస్తుంది. తీగ ఖర్చు మిగిలిందని కంపెనీ మురిసిపోయింది. ఆ తేల్చే భాగం రాసింది మన చిన్నకోడలే.

ఒక ఆఫీసు భవనంలో లిఫ్టు కీచుమంటోందని పిలుపు వస్తే బావగారూ ఆయన జోడీదారూ వెళ్ళారు. ఆ జోడీదారును ఈలాయన అనేవారు అందరూ. పనిలో ఉన్నంతసేపూ ఆయన నోట్లో ఈల ఆగదు. బావగారు పైన మోటారు గదిలో సర్వీసు తాళం తిప్పి, "ఎక్కు" అని కేక వేశాడు. ఈలాయన లిఫ్టు పెట్టె కప్పు మీదికెక్కి, గ్రీజు పూస్తూ ఏదో ఈల అందుకున్నాడు. పై అంతస్తులో ఎవడో తొందర మనిషి 'మరమ్మతు జరుగుతోంది' అన్న బోర్డును పక్కకు జరిపి బటను నొక్కాడు. లిఫ్టు బుద్ధిగా పైకి వెళ్ళింది. అక్కడ పెట్టె కప్పుకీ పై దూలానికీ మధ్య మనిషి పట్టే చోటు లేదు. బావగారికి ముందుగా తెలిసింది ఈల ఆగిపోవడం.

రక్షణ సిబ్బంది వచ్చారు. మనిషిని బయటికి లాగే హడావుడిలో బావగారి దగ్గర తాళంచెవి కూడా తీసుకుని, తాళంతో సహా కనిపించిన స్విచ్చునల్లా అటూ ఇటూ తిప్పారు. వాళ్ళను తప్పుపట్టలేం. కాకపోతే, ప్రమాదం జరిగినప్పుడు తాళం తిప్పి ఉందా లేదా అన్నదానికి బావగారి నోటిమాట తప్ప సాక్ష్యం మిగల్లేదు.

ఆ కంపెనీలో ఒక పద్ధతి ఉంది. ఎక్కడైనా ప్రమాదం జరిగితే, ఆ భాగం రాసిన మనిషి విచారణ కమిటీ ముందు నిలబడి కోడ్‌ను తెర మీద పెట్టి, పంక్తి పంక్తికీ చదివి అర్థం చెప్పాలి. ఆఫీసులో కుర్రకారు దీన్ని పారాయణం అని చాటుగా నవ్వుకునేవారు. అందరూ తలలూపేవరకూ పారాయణం సాగుతుంది. ఇన్నేళ్ళలో తప్పులు చాలావరకూ అలాగే దొరికాయి గనక దానికి మించిన పరీక్ష లేదని అందరి నమ్మకం. చిన్నకోడలి నమ్మకం కూడా అదే.

ఆమె నిలబడి చదివింది. "ఇక్కడ 'కదలవచ్చా?' అనే ప్రశ్న ఉందండి, ఇలాంటిదాన్ని మేం ఫంక్షన్ అంటాం. దీనికి మామూలు జవాబు పైన ఇంటర్‌ఫేస్‌లోనే రాసి ఉంటుంది, 'కదలవచ్చు' అని. ఇంటర్‌ఫేస్ అంటే ఒప్పందం లాంటిది. మోటారుతో నడిచే ప్రతిదీ ఆ ఒప్పందానికి కట్టుబడాలి. లిఫ్టుకి ఆ మామూలు జవాబు చాలదు. అందుకని దాన్ని కొట్టేసి, లిఫ్టు తన సొంత జవాబు పెట్టుకుంటుంది. దీన్నే ఓవర్‌రైడ్ అంటాం. ఇదిగో చూడండి, తాళం తిప్పి ఉంటే 'కదలకూడదు'. ఇది ఉండగా పాత జవాబుకి నోరు లేదు."

"అంటే తాళం తిప్పి ఉంటే లిఫ్టు కదిలే అవకాశమే లేదంటారా?" కమిటీలో ఒకాయన అడిగాడు.

"లేదండి" అంది చిన్నకోడలు.

ఆ ఒక్క మాట దగ్గర పెద్దాయన కథ ముగిసిపోయింది. తాళం తిప్పితే కదలదు. కదిలింది కాబట్టి తిప్పలేదు. చిన్నపిల్లలు కూడా తేల్చే లెక్క. తెర మీద రాత ఎంత చక్కగా ఉన్నా, లిఫ్టులోకి వెళ్ళింది ఆ రాత కాదు కదా అని ఆ గదిలో ఒక్క బుర్రకూ తట్టలేదు. వంట పుస్తకం చదివి రుచి బాగుందని చెప్పినట్టు అందరూ తలలూపి లేచారు.

ఇంటికి వచ్చేసరికి కింద వాటాలో అందరూ ఆమె కోసమే కూర్చుని ఉన్నారు. బావగారు మంచం అంచున, రెండు చేతులూ మోకాళ్ళ మీద పెట్టుకుని ఉన్నాడు.

"నేను తిప్పానమ్మా" అన్నాడు, ఆమె చెప్పులు విడవకముందే.

"ఇంటి గేటు గొళ్ళెం వేశాక కూడా మళ్ళీ వెళ్ళి లాగి చూసే మనిషి. తాళం మర్చిపోతాడా? నువ్వే చెప్పు" అంది పెద్దకోడలు.

చిన్నకోడలు కూర్చుంది. ఆమెకు బావగారంటే ప్రాణం. కానీ కళ్ళారా చదివినదాన్ని కాదని ఎలా అనగలదు? "అక్కా, నేను రాసిందే, నేనే చదివాను. ఒకటికి పదిసార్లు చూశాను. అందులో తప్పు లేదు. తాళం తిప్పితే లిఫ్టు కదలదు" అంది. ఆ తరువాత, ఆయన మొహం చూడలేక, ఆయనకు ఊరట కలగాలనే, ఇంకో మాట కూడా అనేసింది. "ఎన్నేళ్ళుగానో చేస్తున్న పని బావగారూ. చెయ్యి నిజంగా తిప్పిందో, తిప్పిందని మనసు అనుకుందో మనకే తెలియదు ఒక్కోసారి. అది నేరం కాదు. ఎవరికైనా జరుగుతుంది."

బావగారు కుడిచెయ్యి తిప్పి చూసుకున్నాడు. వేరే ఎవరు ఆ మాట అన్నా ఆయన కాలరు పట్టుకునేవాడు. అన్నది మరదలు. ఆ పిల్ల ఉబుసుపోక మాట్లాడదని ఊరంతా చెప్పుకుతిరిగింది ఆయనే.

అక్కడి నుంచి మనిషి మెల్లగా జారిపోయాడు. 'తిప్పాను' అన్నవాడు కొన్నాళ్ళకు 'తిప్పాననే అనుకుంటున్నా' అన్నాడు. ఆ తరువాత ఎవరు అడిగినా 'ఏమో' అనేవాడు. ఒకరోజు అన్నం ముందు కూర్చుని, ముద్ద కలుపుతూ కలుపుతూ ఆపి, "తిప్పలేదే" అన్నాడు భార్యతో. తిన్నగా వెళ్ళి కమిటీకి కూడా అదే చెప్పి వచ్చాడు. ఆయన లైసెన్సు ఆపేశారు. పూర్తిగా రద్దు చెయ్యడానికి కమిటీ ఇంకోసారి కూర్చోవాలి. అది కూడా అయిపోతే ఆయన మళ్ళీ లిఫ్టు మీద చెయ్యి వెయ్యలేడు. వేరే పని చేతకాదు, చేసే వయసూ కాదు.

పోయిన ఈలాయన ఇంటికి బావగారు వెళ్ళి వాళ్ళ గడప బయట కూర్చోవడం కూడా అప్పుడే మొదలుపెట్టాడు. ఈలాయన భార్య తలుపు తీసేది కాదు. ఒకసారి మాత్రం తీసి, నానా మాటలూ అని, మళ్ళీ వేసుకుంది. ఆ రోజు ఇంటికొచ్చి బావగారు కడుపునిండా తిన్నాడని పెద్దకోడలు పైకి వచ్చి చెప్పి ఏడ్చింది. తిట్లు తిన్న రోజే మనిషికి ఆకలి వేస్తోందంటే ఇంక ఏం చెప్పమంటారు?

గట్టు తెగింది ఒక చిన్న పని దగ్గర. ప్రమాదం తరువాత కమిటీ ఒక సలహా ఇచ్చింది: తాళం తిప్పి ఉండగా ఎవరైనా బటను నొక్కితే ఆ సంగతి ప్రోగ్రాము తనలో నమోదు చేసుకోవాలని. చిన్నకోడలు తన జవాబులో ఆ పంక్తి కలిపి, ఆఫీసు వెనక షెడ్డులో ఉన్న నమూనా మోటారు దగ్గరికి వెళ్ళింది. పరీక్షల కోసం తయారుచేసే ప్రోగ్రాము ఆ రోజు ఎందుకో సిద్ధంగా లేదు. పోనీలే అని, నిజం లిఫ్టుల్లోకి పంపే ప్రోగ్రామునే ఎక్కించింది. తాళం తిప్పింది. పై అంతస్తు బటను నొక్కింది.

మోటారు తిరిగింది.

ఆమె చెయ్యి బటను మీదే ఉండిపోయింది. తాళం చూసింది. తిప్పే ఉంది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ తిరిగింది. నమోదు కావలసిన చోట ఏమీ నమోదు కాలేదు. అంటే ఆమె రాసిన జవాబు దాకా ప్రశ్న రానేలేదు. ముందు తననే అనుమానించింది. పాత కోడ్ ఎక్కించానేమో అనుకుని మొదటి నుంచి మళ్ళీ చేసింది. తిరిగింది. పరీక్షల ప్రోగ్రాము తయారుచేసుకుని అది ఎక్కించి చూసింది. తిరగలేదు. అక్కడే నూనె మరకల నేల మీద కూలబడింది.

కంపైలర్ అనేది ఒకటుంది. మనుషులు రాసినదాన్ని యంత్రానికి అర్థమయ్యే మాటల్లోకి మార్చే దుబాసీ అది. ఆ ఆఫీసులో దాని బాగోగులు చూసేవాణ్ణి వేదాంతి అంటారు. ఏ గొడవ చెప్పినా 'అంతా మన కర్మ' అంటాడు గనక. చిన్నకోడలు పరుగున వెళ్ళి అతని ముందు నిలబడింది.

"అన్నయ్యా, కంపైలర్ తప్పు చేస్తోంది."

వేదాంతి కప్పు కింద పెట్టాడు. "ఆడలేక మద్దెల వోడు అన్నదట వెనకటికొకతె. చూడమ్మా, నా సర్వీసులో కంపైలర్‌ది తప్పు అంటూ వచ్చినవాళ్ళు బోలెడుమంది. చివరికి అన్నీ వాళ్ళ చేతి పొరపాట్లే. వెళ్ళి నీళ్ళు తాగి మళ్ళీ చదువుకో."

"చదువుకునే కదా ఇంతదాకా తెచ్చాను" అంది చిన్నకోడలు. ఆమె గొంతులో ఏం వినపడిందో, అతను మారు మాట్లాడకుండా కుర్చీ జరిపాడు.

ఇద్దరూ కూర్చుని లిఫ్టును తీసేశారు, మోటారును తీసేశారు, అక్కర్లేనిదంతా చెక్కేశారు. చివరికి తెర మీద అరచేతిలో పట్టేంత ప్రోగ్రాము మిగిలింది. అప్పుడు కనిపించింది. లిఫ్టు కట్టుబడింది ఒక ఒప్పందానికి కాదు, రెండింటికి: 'కదిలేది' ఒకటి, 'పిలిస్తే వచ్చేది' ఇంకొకటి. రెండూ ఒకే పాత ఒప్పందం నుంచి పుట్టినవి, రెండింటిలోనూ అదే ప్రశ్న. మొదటి దారిలో అడిగితే ఆమె రాసిన జవాబు వస్తోంది. బటను దారిలో, అంటే రెండో ఒప్పందం వైపు నుంచి అడిగితే, కొట్టేసిన పాత జవాబు లేచి వచ్చి 'కదలవచ్చు' అంటోంది. అది కూడా లిఫ్టుల్లోకి పంపడానికి వేగం కోసం బిగించి తయారుచేసినప్పుడే. పరీక్షల ప్రోగ్రాములో దుబాసీ బుద్ధిగానే ఉంది. పరీక్షలదీ లిఫ్టులదీ ఒకే రాత నుంచి పుట్టినవే కదా అన్న ధీమాతో ఆ ఆఫీసులో ఏనాడూ లిఫ్టులకు పంపేదాన్ని ఇలా పరీక్షించలేదు.

వేదాంతి ఆ ప్రోగ్రామును తనే మరోసారి నడిపి చూశాడు. "మద్దెలదే తప్పు" అన్నాడు చివరికి. కర్మ ఊసెత్తలేదు.

ఆ చిన్న ప్రోగ్రామును కంపైలర్ తయారుచేసినవాళ్ళకు పంపారు, 'ఇంటర్‌ఫేస్‌ల నుంచి వచ్చిన ఫంక్షన్‌ను ఓవర్‌రైడ్ చేసినప్పుడు కంపైలర్ లోపం కావచ్చు' అని. మేనేజరు ఆ వాక్యం చదివి పెదవి విరిచాడు.

"కావచ్చు అంటే? 'కావచ్చు'ను పట్టుకుని కమిటీ ముందుకి వెళ్తే మన పరువేం కాను?"

"పరువు తరవాత చూసుకుందాం సార్. ముందు ఆ లిఫ్టులు ఆపించండి. ఇంకో మనిషి కప్పెక్కుతాడు" అంది ఆమె.

పాపం మేనేజరు చెడ్డవాడేమీ కాదు, పిరికివాడు. లిఫ్టులు ఆపించాడు, ఏదో మామూలు సర్వీసు అని పేరుపెట్టి. ఆమెకు తిండి సయించని రోజులు కొన్ని గడిచాక జవాబు వచ్చింది. లోపం నిజమేనట. సరిచేసిన కంపైలర్ పంపుతున్నారట. తెలియజేసినందుకు కృతజ్ఞతలట.

మేనేజరు ఈసారి ఆమెను పిలిచి కుర్చీ చూపించాడు. "కమిటీ ఒప్పుకుంటుంది. కానీ ఒక చిక్కుంది. ఆ రోజు ఆ లిఫ్టులో జరిగింది ఇదేనని రుజువు లేదు. తాళం తిప్పాను అని మీ బావగారు అంటే, లోపం కంపైలర్‌ది. తిప్పలేదు అంటే, లోపం ఉన్నా లేకపోయినా తప్పు ఆయనదే. ఆయనేమో తిప్పలేదని చెప్పి కూర్చున్నాడు. వచ్చి ఆ మాట వెనక్కి తీసుకోమనండి. అంతే."

అంతే కదా అనుకుంది చిన్నకోడలు. దారి పొడవునా ఆమెకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. ఇంట్లోకి వెళుతూనే, "బావగారూ, మీరు తిప్పారు" అంది. "తప్పు మీది కాదు. నేను చదివింది ఒకటి, లిఫ్టులోకి వెళ్ళింది ఇంకొకటి. నన్ను క్షమించండి."

పెద్దకోడలు అక్కడే గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. బావగారు మాత్రం మరదలి మొహం పరీక్షగా చూశాడు, అలసిపోయిందేమో అన్నట్టు.

"కూర్చో అమ్మా. మంచినీళ్ళు తాగు."

ఆమె ఆయన్ని వదల్లేదు. చెయ్యి పట్టుకున్నంత పనిచేసి షెడ్డుకు తీసుకువెళ్ళింది. పాత ప్రోగ్రాము ఎక్కించి, తాళం ఆయన చేతనే తిప్పించింది. బటను నొక్కింది. మోటారు తిరిగింది. ఆయన వంగి చూశాడు. ఒక్క క్షణం ఆయన కళ్ళలో పాత మెకానిక్కు కనిపించాడు. బెల్టు ముట్టుకున్నాడు, తాళం మళ్ళీ సరిచూశాడు, "ఇదేం దిక్కుమాలిన పనే" అని గొణిగాడు. చిన్నకోడలికి ఆశ కలిగింది. ఆ తరువాత ఆయన నడుం ఎత్తి నిలబడ్డాడు.

"మంచిదమ్మా. ఇంకెవరూ పోరు" అన్నాడు.

"మరి రేపు కమిటీకి చెప్తారుగా, తిప్పానని?"

"ఎలా చెప్తాను? తిప్పలేదుగా."

ఇంటికి వచ్చాక ఆమె మళ్ళీ మొదలుపెట్టింది. పెద్దకోడలు కూడా కలిసింది. "ఒక్క మాటండీ. తిప్పాను అనండి చాలు. మీ మరదలు అబద్ధం చెప్పమంటుందా?" అంది.

"ఆ పిల్ల అబద్ధం చెప్పదు. నా మీద జాలితో నిజాన్ని కాస్త నా వైపు వంచుతోంది, అంతే" అన్నాడు బావగారు, కోపం లేకుండా. "నాకు కళ్ళకు కట్టినట్టుందే. గదిలోకి వెళ్ళాను. తాళంచెవి జేబులోనే ఉంది, తొడకి గుచ్చుకుంటోంది కూడా. తీద్దామనుకునేలోపు వాడు కింద నుంచి ఏదో అడిగాడు. ఆ ధ్యాసలో పడి 'ఎక్కు' అనేశాను. తాళంచెవి జేబులోనే ఉండిపోయింది. రోజూ అదే కనిపిస్తోంది నాకు, పడుకున్నా లేచినా."

చిన్నకోడలు మొదట్లో ఆయన అన్న మాటలు గుర్తు చేసుకుంది. మొదటి రోజు ఆయన చెప్పినదాంట్లో ఈ జేబు లేదు, ఈ గుచ్చుకోవడం లేదు, ఈలాయన ఏదో అడగడమూ లేదు. గదిలోకి వెళ్ళాను, తిప్పాను, కేకేశాను అని మాత్రమే అన్నాడు. మిగతాదంతా ఆ తరువాత, ఆమె మాట మీద, రోజుకింత చొప్పున ఆయన లోపల కట్టుకున్నదే. ఇప్పుడు అది నిజం కన్నా గట్టిగా ఉంది.

"బావగారూ" అంది. "ఆ రోజు నేను చెప్పులు కూడా విడవలేదు, తిప్పానమ్మా అన్నారు. అదే నిజం. కొత్తదేదీ చెప్పమనడం లేదు. ఆ మాటే మళ్ళీ అనండి."

ఆయన ఆమె వైపు చూశాడు. ఆ చూపులో నిష్ఠూరం లేదు. ఉంటే ఆమె తట్టుకునేది.

"అప్పుడు నాకు తెలిసింది అది. నువ్వు కాదన్నావని వదిలేసుకున్నా. ఇప్పుడు మళ్ళీ ఎక్కడని వెతకమంటావమ్మా?"

మర్నాడు కమిటీ కూర్చుంది. చిన్నకోడలు ఈసారి కోడ్ చదవలేదు. మోటారును గదిలోకి తెప్పించి, అందరి ముందూ తిప్పి చూపించింది. అందరూ తలలూపారు. ఆ తరువాత బావగారిని పిలిచి, ఆ రోజు తాళం తిప్పారా అని అడిగారు. అడిగినాయన మంచివాడు, ఎలాంటి జవాబు కావాలో గొంతులోనే అందించాడు. బావగారు లేచి నిలబడి, మరదలిని ఒకసారి చూసి, తిప్పలేదండి అన్నాడు.